కుడి దిక్కు నుంచి చదివిన దొంగల బొమ్మలు

చిన్నప్పుడు నేను చదివిన దొంగల బొమ్మల కథలల్ల ఒక్క దొంగ గూడ జైల్ల ఉండిపోలేదు. అందరు ఇంటికొచ్చిన్రు. గుండు తాకి పడ్డోళ్ళు లేచి నిలబడ్డరు, పిస్తోలు పొగ మల్ల పిస్తోల్లకే పోయింది, పోలీసోళ్ళు పట్టుకున్న మనిషిని ఇడిచిపెట్టి ఎన్కకెన్కకు నడుచుకుంట పోయిన్రు. నవ్వకున్రి. నేను ఆ పుస్తకాలను కుడి దిక్కు నుంచి చదివిన. అవి ఇంగ్లీషువి, నాకొచ్చింది ఉర్దూ.

ఇప్పటి పిల్లలకు ఇది చెప్తే ‘తెలుగోళ్ళయి ఉండి తెలుగు రాకపోవుడేంది అమ్మమ్మా’ అని మూతి తిప్పుతరు. ఏం జెయ్యాలె మరి? ఇంట్ల మాట్లాడేది తెలుగే, కొట్లాడేది తెలుగే, ఏడ్సేది గూడ తెలుగులనే. కని అచ్చరం అంటే మాకు ఉర్దూ అచ్చరమే. బడి గదే నేర్పింది. ఇంగ్లీషు పుస్తకానికి ఎన్క అట్ట ఏదో, మాకదే ముందర అట్ట. దీన్ల నా తప్పేమన్న ఉన్నదా చెప్పున్రి.

మేమప్పుడు నాంపల్లి స్టేషన్ ఎన్క గల్లీల ఉండేటోళ్ళం. పోలీస్ యాక్షన్ అయి రెండేండ్లయిందేమో. ఒక పెద్ద ముసల్మాన్ల ఇల్లు, నడుమ వాకిలి, వాకిట్ల దానిమ్మ చెట్టు. గేటు పక్కన ఒకప్పుడు గుర్రాలను చూసుకునేటోని కోసం కట్టిన అర్ర ఉండె. గుర్రాలు పోయినయి, ఆయన పోయిండు, మేమొచ్చినం. నాయినది మెదక్ దిక్కు పల్లె. కూలి దొరకక పట్నం వచ్చి, ఉస్మాన్‌గంజ్‌ల ఒక సేటు గోదాముకు కావలి కుదిరిండు. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తం. అవ్వ ఆ పెద్దింట్ల వంట జేసేది. నాయిన నవ్వితే గల్లీ మొదట్ల ఉన్న చాయ్ దుకాణం దాంక ఇనొచ్చేది. ‘జర మెల్లగ నవ్వరాదు, ఇల్లుగలోళ్ళు ఏమనుకుంటరు’ అని అవ్వ కసురుకునేది.

ఒకనాడు ఆ గోదాముల బట్టల బేళ్ళు మాయమైనయి. తాళం పగలలేదు. తాళంచెవి నాయిన దగ్గర ఉండె. ఇగ అడిగేటోడు లేడు, ఇనేటోడు లేడు, ఖాకీ బట్టలోళ్ళు వచ్చి తీస్కపోయిన్రు. కచేరీల శిక్ష పడ్డది, చంచల్‌గూడ జైలుకు తోలిన్రు. అవ్వ అప్పుడప్పుడు పోయి చూసొచ్చేది. నన్ను మాత్రం తీస్కపోకపోయేది. ‘ఆడపిల్లవు, జైలు గల్మ తొక్కొద్దు, ఆ గడప మంచిది గాదు’ అనేది. నాయిన ఎట్లున్నడే అని అడిగితే ‘ఉన్నడు’ అనేది. ఆ ఒక్క మాటకే నేను వారం పది దినాలు బతకాలె. నాకప్పుడు పదేండ్లు ఉంటయేమో, నాయిన తప్ప ఇంకో ఫికర్ లేదు. నాయిన ఎప్పుడొస్తడు, అసలు వస్తడా రాడా, గంతే.

ఆ పెద్దింటి బిడ్డ ఒకామె ఉండె. నాకన్న ఆరేడేండ్లు పెద్ద. ఆపా అని, అక్కా అన్నట్టు, పిలిచేదాన్ని. కొన్నేండ్లు ఇంగ్లీషు బడికి పోయి, ఈడొచ్చిందని మాన్పిచ్చిన్రు. పొద్దంత వరండల చిక్ ఎన్క, గదే వెదురు పుల్లల పరద ఎన్క, కూసునేది. బయట లోకం ఆమెకు కనబడేది గని, ఆమె లోకానికి కనబడకపోయేది. వాళ్ళ అన్న అబిడ్స్‌ల ఒక హోటల్ల పని జేసేటోడు. అండ్ల దిగిన దొరలు పోంగ పోంగ ఇడిచిపెట్టిన కాయితాలు, పుస్తకాలు చెల్లెకని ఏరి తెచ్చేటోడు. గా కుప్పల్లనే ఈ దొంగల బొమ్మలుండె. పైన అట్టకే రంగు, లోపట అంత నలుపు తెలుపు. మొదటిసారి ఒకటి నా చేతికొస్తే, నాకలవాటైన దిక్కు నుంచే తెరిచిన. ఆపా ఏదో అనబోయి నోరు తెరిచింది. ఆలోపల్నే నేను బొమ్మ చూసిన.

అండ్ల ఒక మనిషి. నిలువు గీతల బట్టలు, ముందర ఇనుప కడ్డీలు. మొఖంల సగం ఉన్నది, సగం లేదు. లేని సగం కాడ ఉత్త నలుపు. కన్ను గీత గూడ గియ్యలేదు, అసలేం గియ్యలేదు, సిరా పారబోసినట్టు నల్లగ నింపి ఇడిచిపెట్టిన్రు. కని ఆ నలుపుల గూడ ఒక కన్ను నన్ను చూస్తున్నదనే అనిపిచ్చింది.

‘ఆపా, జైలంటే గిట్లుంటదా? మా నాయిన గూడ గిట్లనే నిలబడ్డడా?’ అన్న.

ఆపా నా మొఖం చూసింది, పుస్తకం చూసింది. ఏమనుకున్నదో ఏమో, జరిగి నా పక్కన కూసున్నది. ‘ఆవ్, చూద్దాం. ఇంటికి పోతడేమో’ అని పేజీ కుడికి తిప్పింది.

గట్ల మొదలైంది మా చదువు. ఆ మనిషి జైలు నుంచి కచేరీకొచ్చిండు. కచేరీ నుంచి పోలీసు ఠాణాకొచ్చిండు. ఠాణా నుంచి వానల తడిసిన సందులకు వచ్చిండు. నేల నల్లగ మెరుస్తున్నది, ఒక్కటే దీపం, గోడ మీద ఆయన నీడ ఆయన కన్న పెద్దగున్నది. అక్కడొక మనిషి పడి ఉంటే పక్క పేజీల లేచి నిలబడ్డడు. ‘దవ ఇచ్చిన్రు, బాగైండు’ అన్నది ఆపా. ఆయెన్క ఇద్దరు దీపం కింద గుసగుసలాడిన్రు. ఆఖరికి పొద్దుటి పూట, ఆ మనిషి తన ఇంట్ల బల్ల ముందర కూసున్నడు. పెండ్లాం కప్పుల ఏదో పోస్తున్నది, పిల్ల ఆయన మోకాలు పట్టుకోని నిలబడ్డది. మొఖం మీద నలుపు చుక్క గూడ లేదు. నేను తెలుసుకున్నదేందంటే, పేజీ పేజీకి నలుపు తరుగుకుంట వస్తది. గంత నలుపు మోసినోడు ఆఖరికి మనలెక్క ఒక మామూలు మనిషైతడు. ఎంత మంచి కథ! ఇంక చదువుదాం అని ఆపా పానం తీసేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం నాకు సమజ్ కాకపోయేది. ఆ బొమ్మలల్ల పోలీసు అధికారి దఫ్తర్ల కూసున్నా, ఆడమనిషి తన ఇంట్ల కూసున్నా మొఖం మీద గీతల నీడ పడేది. అందరు జైల్లనే ఉన్నరా ఏంది అని అడిగిన. ఆపా పడి పడి నవ్వింది. ‘పాగల్ పిల్లా, అది చిక్ నీడ. వాళ్ళు కట్టెతోని జేసుకుంటరు’ అన్నది. నవ్వి నవ్వి ఊకున్నది. అప్పుడు చూసిన, ఎండ మా చిక్‌ల నుంచి కూడ వస్తున్నది. ఆపా మొఖం మీద, చేతుల మీద, ఒడిల ఉన్న పుస్తకం మీద అన్నీ గీతలే. ఆమె గూడ చూసుకున్నట్టున్నది. ఇగ ఆ దినం చదవలేదు.

ఆ పుస్తకాలల్ల పెద్ద మనుషులంత టోపీ పెట్టుకుంటరు. టోపీ అంచు నీడ కండ్ల మీద పడి కండ్లు కానరావు. పట్టేది వాళ్ళే, ఇడిచిపెట్టేది వాళ్ళే. నాకు గది మనసుల పడ్డది. ఒకనాడు మాపటీలి ఆపా వాళ్ళ అన్నకు అన్నం డబ్బ ఇచ్చి రమ్మని అవ్వను అబిడ్స్‌కు పంపిన్రు. నేను ఎంబడి పోయిన. వాన పడి ఎలిసింది. పెద్ద పోస్టాఫీసు కాడి నుంచి సడక్ అంత నల్లగ మెరుస్తున్నది. దీపాలు ముట్టిచ్చిన్రు. ఒక దుకాణం ముందర, దీపం కింద, టోపీ పెట్టుకోని ఒకాయన నిలబడ్డడు. కండ్లు కానొస్తలేవు. ఆయననే! నేను అవ్వ చెయ్యి ఇడిచిపెట్టి ఉరికి పోయి, నాకొచ్చిన ఉర్దూల చేతులు జోడిచ్చి అన్న, ‘సాబ్, మా నాయినను ఇడిచిపెట్టున్రి. ఆయన మంచోడు.’

ఆయన ఉలికిపడి టోపీ తీసిండు. లోపట బట్టతల. ‘ఎవరనుకున్నవ్ తల్లీ నన్ను?’ అన్నడు, సాఫ్ తెలుగుల. ‘నేను ఈ గ్రామఫోన్ దుకాణంల పని జేస్తున్న. మాది సికింద్రాబాద్. ఆదివారం చర్చిల పాటలు పాడుత, గంతకన్న నా చేతుల ఏం లేదు.’ అవ్వ వచ్చి నా రెక్క పట్టి గుంజింది. ‘సిగ్గు శరం ఉన్నదా నీకు, నడి బజార్ల ఇజ్జత్ తీస్తివి’ అని సందు మలిగే దాంక తిట్టింది. మలిగినంక నడక మెల్లగైంది. కొంత దూరం పోయినంక, నా దిక్కు చూడకుంట అడిగింది, ‘ఏమన్నడే? ఇడిచిపెడ్తమన్నడా?’

అవ్వకు ఏం తెల్వదా? అన్నీ తెలుసు. అయినా అడిగింది.

నాకు బొమ్మలు గీసుడు గా పుస్తకాలే నేర్పినయి. మా అర్ర గోడకు సున్నం కొత్తగ ఏసిన్రు. పొయ్యిల నుంచి బొగ్గు తీసి నాయినను గీద్దామని కూసున్న. మీసం వచ్చింది, చెవి వచ్చింది, రుమాలు వచ్చింది. ఇగ ఎడమ చెంప కాడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఎంత యాది జేసుకున్నా ఆ దిక్కు మొఖం నాకు వస్తలేదు. ఏడాదిల నాయిన మొఖం సగం మర్చిపోయిననా అని నా మీద నాకే మండింది. ఏం జెయ్యాలె? ఆ పుస్తకమోడు జేసినట్టే జేసిన. యాదికి లేని సగం బొగ్గుతోని నల్లగ రుద్ది నింపిన. చిత్రమేందంటే అప్పుడే అది నాయిన లెక్క కనబడ్డది.

అవ్వ పనికెళ్ళి వచ్చి గోడ చూసింది. కొత్త సున్నం ఖరాబు జేసినందుకు ఈపు పగులుతదనుకున్న. అవ్వ కొంగుతోని చేతులు తుడుచుకోని దగ్గరికి పోయి నిలబడ్డది. నల్లగున్న దిక్కు వేలు వెట్టి, ‘గీడ పుట్టుమచ్చ ఉండె. గీడ, దవుడ మీద. నువ్వు చిన్నగున్నప్పుడు గిల్లేదానివి’ అన్నది. నేను ఏడ్సిన. అవ్వ ఏడ్వలే. గోడ మాత్రం తుడువలే.

ఆయెన్క రెండేండ్లకో ఎప్పుడో బడి మారింది. ఉర్దూ తగ్గిచ్చిన్రు, తెలుగన్నరు, ఇంగ్లీషన్నరు. కొత్త పంతులమ్మ నా చేతికి ఇంగ్లీషు పుస్తకం ఇస్తే, నేను అలవాటున కుడి నుంచి తెరిచిన. ఆమె నా వేళ్ళ మీద కట్టెతోని ఒక్కటేసి, పుస్తకం గుంజుకోని తిప్పి పెట్టింది. ‘ఇది మొదలు. అది ఆఖరు. తెలిసిందా?’ అన్నది. వేళ్ళు మండుతున్నయి గని నాకు అటు ధ్యాస లేదు. నాకు ఆ కడ్డీల మనిషి పుస్తకమే యాదికొచ్చింది. బడి అయిపోయినంక ఉరుక్కుంట ఇంటికొచ్చి, ఆపా అర్రల ఆ పుస్తకం తీసి, ఎడమ నుంచి తెరిచిన.

పొద్దుటి పూట, బల్ల, కప్పు, పిల్ల. మొఖం మీద చుక్క నలుపు లేదు. పేజీ తిప్పిన. దీపం కింద ఒకడు పిలుస్తున్నడు. తిప్పిన. మొఖం మీదికి ఒక పక్క నుంచి నలుపు పాకుతున్నది. ఇగ తిప్పనీకి నా చేతులు వస్తలేవు, అయినా తిప్పిన. ఆ నలుపు తరుగుత లేదు, పెరుగుతున్నది. లేచినోళ్ళు పడుతున్నరు. ఆఖరికి కడ్డీలు. ఆయెన్క అట్ట.

‘గీ మనిషి ఇంటికి రాడా ఆపా?’

ఆపా కుట్టుపని పక్కకు పెట్టింది. అబద్ధం ఆడలేదు. ‘రాడు’ అన్నది.

‘నీకు ముందే తెలుసా?’

‘తెలుసు.’

నేను పుస్తకం ఇసిరి కొట్టిన. నోటికొచ్చిన మాటలన్నీ అన్న. నాకు కోపమొస్తే పెద్ద చిన్న ఉండదు, ఇప్పటికీ ఉండదు. ఆపా అన్నీ ఇని, కింద పడ్డ పుస్తకం తీసి మడత సరిజేసింది. ‘నువ్వే ఆ దిక్కు నుంచి తెరిచినవ్. నీ మొఖం చూసినంక తిప్పి ఇయ్యనీకి నాకు మనసు రాలేదు. నాకు గూడ అట్లనే మంచిగనిపిచ్చింది. బయటికి పోయే కథలు నేనేం చేసుకుంట? ఇంటికొచ్చే కథ గూడ ఒకటుండనీ’ అన్నది. మీ నాయిన కాయితం మీది మనిషి గాదు, వస్తడు అని గూడ అన్నది. నేను చాన దినాలు ఆమెతోని మాట్లాడలేదు. మాట్లాడే యాళ్ళకు ఆమె పెండ్లి కుదిరింది. ఔరంగాబాద్‌కు పోయింది. పోయే దినం ఆ పుస్తకం నా చేతుల పెట్టింది. ఆయెన్క నేనామెను చూడలేదు. ఆపా మీద అలిగిన ఆ దినాలు మల్ల ఇస్తే బాగుండు అని ఎన్నిసార్లనుకున్ననో.

నాయిన వచ్చిండు. ఎవలకు చెప్పకుంట, నడి పగటీలి వచ్చిండు. నేను అర్రల బియ్యం ఏరుతున్న. దర్వాజల ఎవలో నిలబడ్డరు. ఎన్క నుంచి ఎండ, మనిషి అంత నలుపు, చేతుల ఒక మూట. ‘ఎవరు?’ అన్న. నలుపు ఒక్క అడుగు లోపటికేసి తల తిప్పిండు. దవుడ మీద పుట్టుమచ్చ కనబడ్డది. నేను ఏరిన బియ్యం, ఏరని బియ్యం అన్నీ కలిసిపోయినయి.

ఇగ అంత మంచిగైతదనుకున్న. కాలేదు. నాయిన అర్ర ఇడిచి బయటికి రాకపోయేది. గల్లీల ఎవని అడుగు చప్పుడైనా గోడ దిక్కు తిరిగి పండేటోడు. పగలు గూడ దర్వాజ దగ్గరికి ఏసుకునేటోడు. నవ్వు లేదు, మాట లేదు. ‘పో, పోయి ఏదన్న పని చూసుకోరాదు. ఊరోళ్ళకు ఇంకో పని లేదా, నిన్ను చూసుడే పనా?’ అని అవ్వ గద్దించేది. నాయిన తల దించుకోని ఇనేటోడు. బేళ్ళు నాయినే తీసిండా, తాళంచెవి ఇంకెవలకన్న ఇచ్చిండా, అసలేం తెల్వదా, నేను అడగలే. ఆయన చెప్పలే. అవ్వకు తెలుసో తెల్వదో గది గూడ నాకు తెల్వదు. నాయిన మా కండ్ల ముందరనే ఉన్నడు, నాకు మాత్రం నాయిన యాది ఆగలేదు. జైల్ల ఉన్నప్పుడన్న వస్తడని ఆశ ఉండె. వచ్చినోని కోసం ఎట్ల ఎదురు చూస్తరు?

ఒకనాడు మాపటీలి నేను దీపం చిమ్నీ తుడుస్తున్న. అవ్వ పొయ్యి కాడ ఉన్నది. నాయిన ఊకె కూసోని కూసోని, గూట్ల చెయ్యి పెట్టి ఆపా ఇచ్చిన పుస్తకం తీసిండు. నాయిన చిన్నప్పుడు పల్లెల ఉర్దూ బడికి రెండేండ్లు పోయిండు. కుడి నుంచే తెరిచిండు. తెరవంగనే ఆ మనిషి, కడ్డీలు. గుంజుకుందామా అనుకున్న. నాయిన కండ్లు ఆ పేజీ మీదనే నిలబడ్డయి. నేను చిమ్నీ తుడుసుడు మర్చిపోయిన. చాన సేపటికి వేలు తడి జేసుకోని తిప్పిండు.

ఇంకోటి తిప్పిండు. ఇంకోటి. మధ్య మధ్యల బొమ్మను దీపం దిక్కు పెట్టి చూసేటోడు. పడ్డోడు లేచిన కాడ మూతి మీద చెయ్యి పెట్టుకున్నడు. అట్ల అట్ల ఆఖరి పేజీ దాంక వచ్చిండు. బల్ల, కప్పు, పిల్ల. అక్కడ ఆగిండు.

‘ఆఖరికి ఇంటికొచ్చిండా బిడ్డా?’ అన్నడు.

అప్పటికి నేను ఇంగ్లీషు తరగతిల అందరి కన్న ముందుండేదాన్ని. ఎవలు తప్పు చదివినా దిద్దకపోతే నాకు అన్నం పోదు. ‘అది మొదటి పేజీ నాయినా’ అన్న మాట నాలిక కొస మీదికొచ్చింది. నాయిన తలెత్తి నా దిక్కు చూస్తున్నడు. జవాబు కోసం చూస్తున్నడు. వచ్చినకాడికెళ్ళి నన్ను ఒక మాట అడుగుడు అదే మొదలు.

‘ఔ నాయినా, ఇంటికొచ్చిండు’ అన్న.

నాయిన మల్ల బొమ్మ చూసిండు. పెండ్లాం బొమ్మ మీద వేలు పెట్టిండు. ‘గీమె ఏమన్లేదా?’

పొయ్యి కాడి నుంచి అవ్వ లేచింది. అవ్వకు చదువు రాదు, పుస్తకం దిక్కు చూడనన్న చూడలేదు. ఇత్తడి గిలాసల చాయ్ పోసి, తెచ్చి నాయిన ముందర పెట్టింది.

‘ఏమంటది?’ అన్నది. ‘వచ్చిండు గద. సల్లారక ముందు తాగు.’

నాయిన గిలాస రెండు చేతుల పట్టుకున్నడు. చాయ్ ఒలికి కాలు మీద పడ్డది, అయినా ఇడువలే. ఏడ్సుకుంటనే తాగిండు. మేమిద్దరం ఏం జూడనట్టు మా పని మేం జేసుకున్నం. తాగినంక ఒట్టి గిలాస అవ్వ చేతికిచ్చి, లేచి, దర్వాజ రెండు రెక్కలు తెరిచి, గల్లీల పోయేటోళ్ళందరు చూసేటట్టు గల్మ మీద కూసున్నడు. మా నాయిన ఇంటికొచ్చింది ఆ పొద్దే.